మోకాలి లోతు బోదె

ఎడారిలో నీళ్ళ ఉద్యోగం

దోహాలో నా ఉద్యోగం నీళ్ళు తోడించడం. ఈ మాట ఆకివీడులో మా మేనత్తకి చెబితే ఇప్పటికీ నమ్మదు. "ఎడారిలో నీళ్ళెక్కడివిరా, కోతలు కొయ్యకు" అంటుంది. ఉన్నాయి. సముద్రం పక్కన పునాది కోసం రెండు నిలువులు తవ్వితే చాలు, ఉప్పునీరు ఊరి గొయ్యి నిండిపోతుంది. నిండకుండా పంపులు నడుపుతూనే ఉండాలి. పన్నెండేళ్ళుగా ఆ పని చేయిస్తున్నాను. మాది కొల్లేరు పక్క పల్లె కాబట్టి నీళ్ళ సంగతి నాకు పుట్టుకతోనే తెలుసని ఒక నమ్మకం కూడా ఉండేది.

మా సైట్లో తొమ్మిదేళ్ళు పంపు ఆపరేటరుగా చేసినవాడు స్లామెత్. ఇండోనేషియా మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా ఇద్దరికీ ఉన్న భాష క్యాంపు హిందీ, అందులో చిటికెడు అరబ్బీ. నిరుడు అతను ఉద్యోగం మానేసి, సుమత్రాలో తన ఊళ్ళో సొంత పొలం చేసుకుంటానని వెళ్ళిపోయాడు. అది పల్లపు బురద నేల. వానాకాలం నీళ్ళు నిలిచి నారు కుళ్ళిపోతోందని ఫోన్లో చెప్పుకున్నాడు. నేను దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్టు అనే పేటలో మా విల్లా గదిలో మంచం మీద కూర్చుని, ఒక కాగితం మీద బోదె గీసి ఫోటో తీసి పంపాను. పొలంలో నీళ్ళు కాలువలోకి పోయే చిన్న కాలువని మా వైపు బోదె అంటాం. నడుం లోతు, పక్కలు వాలుగా, చివర ఒక పంపు. "యల్లా, తవ్వెయ్" అన్నాను. తవ్వాడు. తర్వాత ఒకసారి అడిగితే పచ్చటి వరిచేను ఫోటో పంపించాడు. ఆ ఫోటోని ఏషియన్ టౌన్‌లో టీ తాగుతూ కనీసం పదిమందికి చూపించి ఉంటాను.

అలాంటి మనిషి, "మన సైట్లో మళ్ళీ పని దొరుకుతుందా భాయ్" అని అడిగేసరికి నాకు అర్థం కాలేదు. మా ఫోర్‌మన్ రాజన్నది జగిత్యాల వైపు. అతనితో అన్నాను. "స్లామెత్ అయితే కండ్లు మూసుకొని తీసుకుంట. గని నాకు ఖాయంగ చెప్పాలె. నువ్వు సెలవుల ఆడికే పోతనంటున్నవు గద, అడిగి రా. నువ్వచ్చేదాంక జాగ ఆపుత, అటెన్క ఆగది" అన్నాడు. అంటే స్లామెత్ ఇంటి దగ్గరే ఉంటాడా, మళ్ళీ రెండేళ్ళు భార్యని వదిలి ఎడారికి వస్తాడా అన్నది నా తిరుగు ప్రయాణంలోగా తేలాలి.

నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది అందుక్కాదు. నా గీత ప్రకారం పండిన చేను కళ్ళారా చూసుకుందామని.

పాలెంబాంగ్‌లో పులుసు

పాలెంబాంగ్ మూసీ నది ఒడ్డున ఉన్న పెద్ద ఊరు. అవును, మూసీయే. రాజన్నకి ఫోన్లో చెబితే "మరి గండ్లనన్న నీళ్ళున్నయా?" అన్నాడు. ఉన్నాయి, ఓడలు తిరిగేటన్ని.

స్లామెత్ ఎదురొచ్చాడు. దోహాలో ఉన్నప్పటి కంటే చిక్కిపోయాడు, నల్లబడ్డాడు. పొలం పని అలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఒడ్డున ఒక ముసలావిడ కొట్లో పెంపెక్ తినిపించాడు. చేప మాంసం, సగ్గుపిండి కలిపి ఉడకబెట్టి వేయించిన ముద్దలు. వాటి మీద బెల్లం, పులుపు, మిరప కలిపిన నల్లటి పులుసు పోస్తారు. ముద్దలు తిన్నాక ఆ పులుసుని ప్లేటెత్తి తాగెయ్యాలట. తాగాను. చెవుల్లోంచి పొగలొచ్చాయి. ముసలావిడ చప్పట్లు కొట్టి ఇంకో గరిటె పోసింది. ప్లేటు ఇరవై వేల రూపియా అంటే గుండె గుభేలుమంది. లెక్క వేస్తే నాలుగున్నర రియాళ్ళు. దోహా అల్ మన్సూరా హోటళ్ళలో ఆ డబ్బుకి రెండిడ్లీల కంటే రావు.

"పొలం ఎలా ఉంది?" అని అడిగాను.

"చూద్దువుగానిలే భాయ్. ముందు తిను" అన్నాడు.

కాలువ మీద ఊరు

అక్కడి నుంచి పడవే. మాతో పాటు కోళ్ళు, గ్యాసు బండలు, పరుపు కొనుక్కెళుతున్న ఒకావిడ. నది వెడల్పయ్యేకొద్దీ ఒడ్డు మాయమై, నీళ్ళలోనే మొలిచిన తాటిజాతి మట్టలు రెండు వైపులా గోడ కట్టాయి. మధ్యమధ్య కిటికీల్లేని మూడంతస్తుల కాంక్రీటు కట్టడాలు కనిపించాయి. లోపల్నుంచి పిచ్చుకల గోల. గోదాములా అంటే స్లామెత్ నవ్వాడు. అవి ఒక జాతి పక్షుల కోసం కట్టిన ఇళ్ళట. మైకులో కూతలు వేసి పిలుస్తారు, అవి వచ్చి గూళ్ళు కడితే ఆ గూళ్ళని చైనా వాళ్ళు సూపు కోసం కొంటారు. మనుషులవి చెక్క ఇళ్ళు, పక్షులవి మేడలు.

స్లామెత్ వాళ్ళ ఊరికి ఒక పేరుంది కానీ అందరూ కాలువ నెంబరుతోనే పిలుస్తారు. ఒకే ఒక తిన్నని కాలువ, అటూ ఇటూ ఒకే కొలతలో ఇళ్ళు, ఇళ్ళ వెనక పొలాలు. వీళ్ళ నాన్నల కాలంలో జావాలో నేల లేని వాళ్ళని ప్రభుత్వం పడవల్లో తెచ్చి ఇక్కడ దింపిందట. అడవి కొట్టి, కాలువలు తవ్వి, ఊరు చేసుకున్నారు. ఇళ్ళన్నీ కర్రల మీద నిలబడి ఉంటాయి. ప్రతి ఇంటికీ చూరు కింద నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు. తాగడానికి వాన నీళ్ళే. కాలువ నీళ్ళు పలచటి టీ డికాషన్‌లా ఉంటాయి. గుర్రపుడెక్క మాత్రం అచ్చం మా కొల్లేరులో లాగే ఉంది. దాన్ని చూసి ఇంటికొచ్చినట్టయింది.

స్లామెత్ భార్యని ఊళ్ళో బూ సార్తి అంటారు. బూ అంటే మన అమ్మగారు లాంటిది, పెద్ద మగవాళ్ళని పాక్ అంటారు. బూ సార్తి పొట్టిగా, గట్టిగా, మనిషి రాకముందే అడుగుల చప్పుడు వినిపించేలా నడుస్తుంది. ఆ పూట కొరమీనుతో పులుసు పెట్టింది. అందులో అనాసముక్కలు. చేపల పులుసులో అనాసపండేమిటని మొహం చిట్లించినవాడిని మూడోసారి అన్నం పెట్టించుకున్నాను. మా అమ్మకి చెప్పొద్దు.

భోజనం అయ్యాక పొలం చూద్దామన్నాను. వాన పడేలా ఉందన్నారు. మర్నాడు పొద్దున్న అడిగాను. బంధువులు చూడ్డానికి వస్తున్నారన్నారు. సాయంత్రం అడిగాను. పకోడీల్లాంటివి వేడివేడిగా తెచ్చి ముందు పెట్టారు. ఈ జావా వాళ్ళలో ఒక అలవాటుంది, కాదు అనే మాట నోటితో అనరు. నవ్వుతారు, ఇంకేదో పెడతారు. మా ఇళ్ళల్లో అయితే ఒక్కసారే మొహాన అనేసి, తర్వాత సారీ చెప్పి, మళ్ళీ అంటాం. ఇది తెలియని నేను, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ నా బోదె గురించి చేతులూపుతూ చెప్పాను. నడుం లోతు, ఇంత వాలు, ఇదిగో ఇలా పంపు. స్లామెత్ తర్జుమా చేశాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. అందరూ నవ్వారు.

తెల్ల చొక్కా

చర్చికి వేసుకునే తెల్ల చొక్కా ఒకటి పట్టుకెళ్ళాను. పడవలో మరకలయ్యాయని రెండోరోజు సాయంత్రం నేనే రేవు చెక్క మీద కూర్చుని కాలువలో ఉతికి ఆరేశాను. పొద్దున్నకి అది ఇటికరంగులో ఉంది. ఒకచోట మరకైతే బాధలేదు, మొత్తం చొక్కా నిండా సమంగా.

బూ సార్తి చూసి నవ్వలేక చెక్కమీద కూలబడింది. తెల్లబట్టలు వాన నీళ్ళలోనే ఉతకాలట. నేనూ నవ్వాను. "ఈ నీళ్ళు ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగాను. స్లామెత్ ఆ ప్రశ్నని తర్జుమా చెయ్యలేదు. కానీ 'ఎప్పుడూ' అన్నది చేతులతో చూపించినట్టున్నాను, ఆమెకి అర్థమైంది. నవ్వు ఆపి మొగుడి వైపు చూసింది. అతను పడవ తాడు సర్దుకుంటున్నాడు. చొక్కా తీసి తన పైగుడ్డతో దులిపి లోపలికి పట్టుకెళ్ళింది.

నేను చెప్పులేసుకుని ఒక్కడినే గట్టు మీద నడిచాను. వెనకనుంచి ఎవరూ ఆపలేదు.

నా గీత

గట్టు మీద రెండుసార్లు జారి, ఒకసారి మోకాలి దాకా దిగబడి, ఒక చెప్పు పోగొట్టుకుని వెళ్ళాను. ఏ పొలం అతనిదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నా బోదె నాకు తెలీదూ? నడుం లోతు, వాలు పక్కలు, మూల తిరిగేచోట నేను గీసిన వంపు, అంతా నా కాగితం ఉన్నదున్నట్టు నేలమీద పరిచినట్టుంది. అంత చక్కగా దోహాలో కూడా ఎవరూ తవ్వలేదు.

పొలంలో వరి జానెడు లేదు. ఆకులు పసుపు, కొసలు కాలినట్టు ఎరుపు. సగం చోట్ల దుబ్బే లేదు, తుప్పు పట్టిన రేకులా నేల. పక్క పొలం పచ్చగా నడుముకొచ్చి ఉంది. ఫోన్ తీసి చూశాను. నా దగ్గరున్న ఫోటోలో కొబ్బరిచెట్టు, వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డు పక్క పొలంలో ఉంది.

ఆ పక్క పొలం ఆయనే వచ్చాడు. పాక్ మార్తో, డెబ్భై దాటి ఉంటాయి, కాలువ తూము చూసుకునే పెద్దమనిషి. నన్ను చూసి నవ్వాడు. వంగి నా బోదె నీళ్ళు వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. నన్నూ చూడమన్నాడు. పెట్టుకున్నాను. పటిక. మంగలి షాపులో గడ్డానికి రాసే పటిక నాలుక మీద పెట్టినట్టు నోరంతా లాగేసింది. ఆయన తన మోకాలు మీద చెయ్యి పెట్టి చూపించాడు, ఇంతవరకు. తర్వాత నడుం మీద పెట్టి, తల అడ్డంగా ఊపాడు. ఆయనా నోటితో అనలేదు కానీ నేను ఆ ఊళ్ళో చూసిన మొదటి 'కాదు' అదే.

ఆయన వెనకే స్లామెత్ వచ్చాడు. గట్టుమీద కూర్చోబెట్టి అంతా చెప్పాడు. ఈ నేల పైన నల్లబురద, మోకాలి లోతు దాటితే కింద బూడిదరంగు బంకమట్టి. ఆ బంకమట్టి నీళ్ళ కింద మునిగి ఉన్నంతకాలం ఎవరినీ ఏమీ చెయ్యదు. గాలి తగిలిందా, పులిసిపోతుంది. తర్వాత వాన పడితే ఆ పులుపంతా నీళ్ళలోకి దిగి వేళ్ళని కాల్చేస్తుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. చిన్నప్పుడు స్లామెత్‌కీ తెలుసు. ఎండాకాలమంతా నా పంపుతో ఆ బంకమట్టిని ఎండగట్టాడు.

"తెలిసీ ఎందుకు తవ్వావు?" అన్నాను.

"తొమ్మిదేళ్ళు అక్కడ రోజూ అదే పని చేశాం కదా భాయ్. నీళ్ళు కనబడితే తోడెయ్యడం. మా నాన్న మాట పాతదనుకున్నాను. నువ్వు ఇంజినీరువి."

"మరి ఆ ఫోటో?"

"నువ్వు ఫోటో అడిగావు. పచ్చగా ఉన్నది పాక్ మార్తోదే."

నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. రెండు రోజులుగా ఆ ఊరివాళ్ళ ఎదురుగా నేను వాగిన వాగుడంతా ఒక్కొక్క మాటే గుర్తొచ్చింది. పైగా పాడైంది అతని పొలం ఒక్కటే కాదు. నా బోదె పులుపు కాలువలోకి దిగి, కింద ఉన్న నాలుగు పొలాల అంచులు పసుపెక్కించింది. నా చొక్కా కూడా అందుకే ఎర్రబడింది. స్లామెత్ దోహాలో పని అడిగింది ఎందుకో అప్పుడు తెలిసింది. ఈ ఏడు ఇంట్లో గింజలుండవు.

"రాజన్న జాగా ఆపి ఉంచాడు. వస్తావా?" అని అడిగాను.

"చూద్దాం" అన్నాడు. అది అవునో కాదో నాకు తెలీలేదు.

ఆదివారం

వీళ్ళు నెలకో ఆదివారం ఇంటికొక మనిషి చొప్పున వచ్చి ఊరి పని చేస్తారు. దారి బాగు చెయ్యడం, కాలువలో నాచు తియ్యడం లాంటివి. కూలీ ఉండదు, టీ, ఉడికించిన చిలకడదుంపలు ఉంటాయి. ఆ ఆదివారం పని స్లామెత్ బోదె పూడ్చడం. కింద సగం మళ్ళీ బంకమట్టితో కప్పేసి మోకాలి లోతుకి తెచ్చెయ్యాలి. మధ్యాహ్నం సముద్రం పోటుకి నది పొంగినప్పుడు తూమెత్తి నది నీళ్ళని పొలం నిండా పట్టి, రెండు రోజులు నిలిపి, ఆటులో నది తగ్గినప్పుడు వదిలెయ్యాలి. అలా పులుపు విరిగేదాకా పోటుపోటుకీ చెయ్యాలి. ఎన్నిసార్లు? పాక్ మార్తో భుజాలెగరేశాడు. పూర్తిగా విరగడానికి రెండు వానాకాలాలు పట్టొచ్చు.

ఇరవైమంది దాకా గట్టుమీద చేరారు. పారలు అందుకునే ముందు నేను నిలబడ్డాను. పని చేయించేవాడికి తప్పు ఒప్పుకోవడం అలవాటుండదు.

"స్లామెత్ భాయ్, ఇది ఉన్నదున్నట్టు చెప్పు. ఈ బోదె గీసింది నేను. ఈ నేల గురించి నాకేమీ తెలీదు. ఒక్క మాట అడక్కుండా గీశాను. మీ పొలాలు పాడుచేసింది నేనే. క్షమించండి."

అతను చెప్పాడు. పాక్ మార్తో ఏదో అన్నాడు. స్లామెత్ కళ్ళు తుడుచుకుని నాకు చెప్పాడు. "నువ్వు వచ్చిన రోజే వాళ్ళందరికీ తెలుసంట. అతిథిని మేం అనకూడదు కదా, ఆయనే చెబితే బాగుండునని ఎదురుచూశాం అంటున్నాడు."

తర్వాత నా చేతికి ఒక తట్ట ఇచ్చారు. పార ఇవ్వలేదు. ఆ తేడా నాకు అర్థమైంది.

పొద్దుటినుంచి మట్టి మోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. బూ సార్తి నాతో సమంగా మోసింది, రెండు తట్టలు ఎక్కువే. మధ్యలో ఒకసారి, అక్కడ ఒక అడ్డుచెక్క వేసి ఆ మూల పంపు పెడితే పని సగమవుతుందని తోచింది. నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. మూడు గంటలకి పోటు మొదలైంది. తూమెత్తగానే డికాషన్ రంగు నీళ్ళు నిదానంగా వచ్చి ఆ ఎర్రనేలని కప్పేశాయి. ఊళ్ళోవాళ్ళు పనిముట్లు కడుక్కుని టీకి పోయారు.

రేవు దగ్గర

రెండు రోజుల తర్వాత ఆటులో నీళ్ళు వదిలారు. నా పడవ ఆ పొద్దునే. బూ సార్తి గట్టు దాకా వెళ్ళి, బోదె నీళ్ళు చేత్తో తీసి రుచి చూసి ఉమ్మేసి వచ్చింది. పులుపు విరగలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. లోపలికి వెళ్ళి నా తెల్ల చొక్కా మడతపెట్టి తెచ్చింది. మూడుసార్లు వాన నీళ్ళలో ఉతికిందట. లేత బిస్కెట్ రంగుకి వచ్చింది. చేతిలో పెడుతూ ఏదో చెప్పింది. స్లామెత్ తర్జుమా చెయ్యకపోతే నేనే అడిగాను.

"నువ్వు మళ్ళీ రావాలంటోంది. తర్వాత..." ఆగాడు. "తర్వాత, నేను వెళితే వెళ్ళమంటోంది. తను ఏడవదంట."

అతను నా సంచి పడవలోకి అందించాడు. పడవవాడు ఇంజను స్టార్ట్ చేశాడు.

"రాజన్నకి చెప్పు భాయ్, నేను రాను."

నేను సరిగ్గా విన్నానా అని అతని మొహం చూశాను. నవ్వడం లేదు.

"రాజన్న ఇచ్చే జీతం నాకు అవసరమే. కానీ ఈ నేల పాడుచేసింది నా పార. దీన్ని ఇలా వదిలేసి నేను పోతే, రెండేళ్ళు రోజూ పొద్దున్న ఆ నీళ్ళు నోట్లో పెట్టుకుని ఉమ్మాల్సింది ఆమె ఒక్కతే. పాక్ మార్తో తన పొలంలో సగం ఈ పంటకి నన్ను చెయ్యమన్నాడు. పండింది చెరిసగం. తిండికి సరిపోతుంది. ఖలాస్."

"అప్పుడప్పుడు ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి. పొలం సంగతి మాత్రం అడగొద్దు. సలహా అసలొద్దు."

తిరిగి దోహాలో

రాజన్నకి సైట్లో, పంపుల మోత మధ్య, జరిగిందంతా చెప్పాను. నా గీత సంగతి కూడా దాచలేదు. అతను పకపకా నవ్వుతాడనుకున్నాను. "వాడు రాకపోతే మాయె గని, నువ్వు ఆ ఊరోళ్ళ ముంగట నిలవడి చెప్పినవా? మంచిగ చేసినవు" అని, ఆ జాగాలో వేరే మనిషిని తీసుకున్నాడు.

వచ్చి రెండు నెలలు కావస్తోంది. ప్రతి శుక్రవారం స్లామెత్‌కి ఫోన్ చేస్తాను. ఇక్కడి ఎండ గురించి, అక్కడి వాన గురించి, పక్షుల ఇల్లు కట్టిన పొరుగాయన గురించి మాట్లాడుకుంటాం. పొలం ఎలా ఉందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. అతనూ ఎత్తడు.

మొన్న శుక్రవారం మాటలన్నీ అయిపోయాయి. పెట్టేస్తానన్నాను. ఆగమన్నాడు. ఫోన్లో వాన చప్పుడు వినిపించింది.

"ఇవాళ పొద్దున్న సార్తి బోదె నీళ్ళు నోట్లో పోసుకుంది భాయ్" అన్నాడు. "ఉమ్మలేదు."